ఉద్యోగంలో ఉంటూ రాసిన యాప్ ఎవరి సొత్తు?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. సూపర్‌మార్కెట్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మా కంపెనీ వ్యాపారం. నాన్నగారికి వరంగల్ దగ్గర ఎరువుల దుకాణం ఉంది. ఆయన అవస్థ చూసి, అలాంటి దుకాణాలకు స్టాకు, రైతుల బాకీలు చూసే యాప్‌ను రాత్రిళ్లు, సెలవు రోజుల్లో కూర్చుని ఏడాదిన్నరలో తయారుచేశాను. కొంత పని ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే చేశాను. ఈ ఆలోచన మా మేనేజర్‌కు చెబితే నవ్వేశాడు. ఇప్పుడు అదే పనికి ఒక టీమ్‌ను పెట్టాడు. మోసపోయాననిపిస్తోంది. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది, ఇంటి లోను నడుస్తోంది, జీతం వదులుకోలేను. ఒక ఇన్వెస్టర్ డబ్బు పెడతానంటున్నారు. నా భార్య పేరు మీద కంపెనీ పెట్టి ఉద్యోగంలో కొనసాగవచ్చా? మూడేళ్లు గడిస్తే మా కంపెనీ ఏమీ చేయలేదట, నిజమేనా? అపాయింట్‌మెంట్ లెటర్ నా దగ్గర లేదు.

జవాబు: మేనేజర్ సంగతి వదిలేయండి. ఒట్టి ఆలోచనకు కాపీరైట్ ఉండదని ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. మీరు నోటిమాటగా చెప్పినదాని మీద కాపీరైట్ దావా నిలవదు. మీ కేసును తేల్చే ప్రశ్న ఒక్కటే: ఆ కోడ్ ఈరోజు చట్టం దృష్టిలో మీదా, మీ కంపెనీదా?

కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను 1957 కాపీరైట్ చట్టం సాహిత్య రచన కిందే లెక్కిస్తుంది. సెక్షన్ 17(సి) ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినదానికి మొదటి యజమాని అతన్ని పెట్టుకున్న సంస్థే. మీరు ఆఫీసు వేళలు అయ్యాక రాశారు, ఎవరూ అప్పగించని పని. ఇంతవరకు మీకు అనుకూలమే. కానీ మీ కంపెనీది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, మీరు రాసిందీ దుకాణం లెక్కల యాప్. పైగా ఆఫీసు ల్యాప్‌టాప్ వాడారు. ఈ రెండూ కలిస్తే వాళ్ల వాదనకు బలం వస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది మీరు సంతకం పెట్టిన కాగితం. ఐటీ కంపెనీల ఒప్పందాల్లో తరచుగా ఒక షరతు ఉంటుంది: ఉద్యోగ కాలంలో, పనివేళల్లో అయినా కాకపోయినా, కంపెనీ వ్యాపారానికి సంబంధించి ఉద్యోగి తయారుచేసినదంతా కంపెనీదే అని. రాబోయే రచనల మీద హక్కును ముందే రాసివ్వడానికి సెక్షన్ 18 వీలిస్తుంది, ఆ రచన పుట్టగానే బదిలీ అమల్లోకి వస్తుంది. మీ లెటర్‌లో ఈ షరతు ఉంటే, మీరు ఏ ల్యాప్‌టాప్‌లో రాసినా చిక్కే. ఆరేళ్లు జీతం తీసుకుంటూ ఆ కాగితం కాపీ కూడా దగ్గర పెట్టుకోకపోవడం, అది చూడకుండానే ఇన్వెస్టర్‌తో మాట్లాడటం చాలా పెద్ద అజాగ్రత్త. హెచ్‌ఆర్ పోర్టల్‌లో, చేరినప్పటి మెయిళ్లలో వెతకండి. దొరక్కపోతే హెచ్‌ఆర్‌ను కాపీ అడగండి, కారణం చెప్పనక్కర్లేదు. తర్వాత వచ్చిన పాలసీలకు ఆన్‌లైన్‌లో ఒప్పుకున్నవీ ఒప్పందంలో భాగమే కావచ్చు, అవీ తీసుకోండి.

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 చూపించి, వ్యాపారం చేసుకోకుండా ఎవరూ ఆపలేరని చెప్పేవాళ్లుంటారు. ఆ రక్షణ ప్రధానంగా ఉద్యోగం మానేశాక పనికొస్తుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరే పని చేయకూడదన్న షరతు చెల్లుతుందని 1967లో గోలికారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక మీ భార్య పేరు సంగతి. ఆ పని చేయకండి. కోడ్ రాసింది మీరు కాబట్టి కంపెనీ ఎవరి పేరున ఉన్నా హక్కు ఎవరిదన్న ప్రశ్న మారదు, ఆమెను కూడా దావాలో ప్రతివాదిని చేస్తారు. షేర్లు ఆమె పేరున, లాభం మీదైతే, 2013 కంపెనీల చట్టం సెక్షన్ 89 కింద ఇద్దరూ డిక్లరేషన్ ఇవ్వాలి, ఇవ్వకపోతే పెనాల్టీ. ఇన్వెస్టర్ ఒప్పందంలో కోడ్ మీద మరెవరికీ హక్కు లేదని హామీ రాయిస్తారు. అది తప్పని తేలితే ఆ డబ్బుకూ మీరే జవాబు చెప్పుకోవాలి.

కాలపరిమితి మీద మీరు పెట్టుకున్న ఆశ కూడా ఇక్కడే కూలుతుంది. ఒప్పంద ఉల్లంఘనకు, కాపీరైట్ ఉల్లంఘన నష్టపరిహారానికి గడువు మూడేళ్లన్నది నిజమే. కానీ మీరు యాప్ అమ్మిన ప్రతిసారీ కొత్త ఉల్లంఘన, కొత్త గడువు. అసలు విషయాన్ని మోసంతో దాచిపెట్టారని తేలితే, 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం అవతలివాళ్లకు అది తెలిసిన, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండే రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుంది. అంటే భార్య పేరు చాటున దాక్కుంటే వాళ్ల గడువును మీరే పొడిగించినట్టు. వ్యాపారం పుంజుకున్నాక, వాళ్లు అర్జెంటుగా ఇంజంక్షన్ (అమ్మకం ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోరుతూ కమర్షియల్ కోర్టుకు వస్తే, దావాకు ముందు జరగాల్సిన మధ్యవర్తిత్వం కూడా అవసరం లేదు.

సాక్ష్యం విషయానికొస్తే, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఈ యాప్ పని ఈ క్షణం నుంచే ఆపండి. అందులో ఉన్నదాన్ని చెరపకండి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోకండి. చెరిపితే సాక్ష్యం మాయం చేశారంటారు. అనుమతి లేకుండా కాపీ చేయడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారంటే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు. గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే సాధనం) చరిత్రలో తేదీలు, ఈమెయిల్ ఐడీలు మార్చడం మరీ ప్రమాదం. ఆఫీసు మెషీన్‌లో చేసిన కమిట్లలో, అంటే అలా నమోదైన మార్పుల్లో, ఆఫీసు ఐడీ పడి ఉండే అవకాశం ఎక్కువ, కంపెనీ లాగుల్లో దాని జాడ ఎలాగూ ఉంటుంది. పాత తేదీతో స్టాంపు పేపర్ తెచ్చి ఒప్పందం పుట్టించడం ఫోర్జరీ కేసే.

మీ సొంత వైపు సాక్ష్యం ఇప్పుడే పోగుచేయండి: సొంత ల్యాప్‌టాప్ బిల్లు, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ బిల్లులు, మీ కార్డుతో కట్టిన క్లౌడ్ ఇన్వాయిస్‌లు, వ్యక్తిగత ఖాతాలోకి కోడ్ ఎక్కిన సర్వర్ తేదీలు. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. అందులో పార్ట్ ఎ మీది, పార్ట్ బి నిపుణుడిది, రెండింటిలోనూ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి సంకేతం) రాయాలి. ఏ ఫైల్ ఏ మెషీన్‌లో ఎప్పుడు రాశారో ఒక పట్టిక నిజాయితీగా తయారుచేయండి. మీ వకీలు ముందుగా అడిగేది అదే.

తయారుచేసినదంతా కంపెనీదే అన్న షరతు లెటర్‌లో లేకపోతే, ఆఫీసు మెషీన్‌లో పుట్టిన భాగాలు పక్కన పడేసి, ఆ కోడ్ ఎప్పుడూ చూడని మరో డెవలపర్ చేత, ఏ బటన్ ఏం చేయాలన్న వివరణ మాత్రమే ఇచ్చి కొత్తగా రాయించండి. వేరే పని చేయకూడదన్న షరతు ఉందేమో అప్పుడు కూడా చూసుకోవాలి.

తయారుచేసినదంతా కంపెనీదే అన్న షరతు ఉంటే తిరగరాసినా లాభం లేదు, ఉద్యోగంలో ఉండగా రాసినదంతా దాని కిందికే వస్తుంది. అప్పుడు కంపెనీ నుంచి రాతపూర్వక పత్రం తీసుకోవాలి. మేనేజర్ వాట్సాప్‌లో సరే అన్నా, హెచ్‌ఆర్ మెయిల్‌కు బదులివ్వకపోయినా అనుమతి కాదు. 'అభ్యంతరం లేదు' అన్న మాట కూడా చాలదు. 'ఈ యాప్ మీద మాకు ఏ హక్కు ఉన్నా దాన్ని మీకు బదిలీ చేస్తున్నాం' అని, యాప్ పేరు, వివరంతో, అధీకృత అధికారి సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 దాన్ని అయిదేళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. పూర్తి కాపీరైట్ కాలానికి, ప్రపంచమంతటికీ అని రాయించండి. రేపు మీరు పెట్టే కంపెనీకి కోడ్ బదిలీ చేసే పత్రంలోనూ ఇవే మాటలు ఉండాలి. ఏడాదిలోగా వాడకపోతే హక్కు పోతుందన్న నియమం వర్తించదని కూడా అందులో రాయండి.

ఈ పత్రం అడిగితే ఇంతవరకు చేసింది బయటపడి ఉద్యోగానికే ఎసరు రావచ్చు. అందుకే లెటర్ వకీలుకు చూపించాకే మెయిల్ పెట్టండి. కంపెనీ కాదంటే రెండే దారులు: యాప్ మానుకోవడం, లేదా రాజీనామా ఇచ్చి నోటీస్ పీరియడ్ పూర్తిచేసి, ల్యాప్‌టాప్ రసీదు మీద అప్పగించి, బయటికొచ్చాక మొదటి లైను నుంచి కొత్తగా రాయడం. నెలవారీ లోను వాయిదాకు, నాన్నగారి మందులకు ఎన్ని నెలల డబ్బు చేతిలో ఉందో లెక్క చూసుకుని ఆ తేదీ నిర్ణయించండి. అప్పటిదాకా ఇన్వెస్టర్ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకండి, ఏ హామీ పత్రం మీదా సంతకం పెట్టకండి.