కోటిపల్లి రైలు ఏ మ్యాపులో దొరుకుతుంది?

ప్రశ్న: అయ్యా, యుద్ధానికి ముందు మా తాతయ్య కాకినాడ నుంచి కోటిపల్లికి రైల్లో వెళ్లేవారట. తర్వాత పట్టాలు పీకేశారని చెప్పేవారు. రైలు మార్గాలున్న మంచి అట్లాసు చెబుతారా? – ఒక పాఠకుడు, రామచంద్రపురం

జవాబు: తాతగారి మాట నిజమే. 1928లో వేసిన లైను అది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఊడదీశారు, 2004లో మళ్లీ నడిచింది. అందుకే నేను ఏ మ్యాపు చేతికొచ్చినా ముందు అంచున సర్వే సంవత్సరం వెతుకుతాను. అచ్చు వేసిన ఏడాదిని నమ్మితే బోల్తా పడతాం, షీటు కొత్తదైనా లోపల సర్వే పాతదే ఉంటుంది.

దేశమంతటికీ ఒకే పుస్తకం కావాలంటే సమిత్ రాయ్‌చౌదరి ‘ది గ్రేట్ ఇండియన్ రైల్వే అట్లాస్’ కొనండి. టైంటేబుల్ పుస్తకంలోని మ్యాపు ప్రయాణానికి చాలు, మన సరదాకి చాలదు. అందులో లైను గోదారి వంపుల్ని పట్టించుకోదు.

మీ ఊరి సంగతి తేలాలంటే మాత్రం సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లే, అంటే ఒక్కో ప్రాంతాన్ని వివరంగా చూపే ప్రభుత్వ మ్యాపులే. పాత షీటు నంబర్లలో కాకినాడ, ద్రాక్షారామం, కోటిపల్లి 65ఎల్‌లో పడతాయి. పాలకొల్లు, నరసాపురం 65హెచ్‌లో. 1:50,000 షీటులో కిలోమీటరుకి రెండు సెంటీమీటర్లు. కాలువ గట్టు, దాని మీద రైలు వంతెన విడివిడిగా కనబడతాయి. అందరికీ అందుబాటులో ఉంచిన కొత్త ‘ఓపెన్ సిరీస్’ షీట్లకి నంబర్లు వేరు, ఊరి పేరుతో వెతకండి.

కోటిపల్లి నుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటి నరసాపురం చేరాల్సిన లైనుందే, దానికి ఇంటర్నెట్‌లో ఓపెన్‌రైల్వేమ్యాప్ అనే సైటు చూడండి. ఔత్సాహికులు గీసేది కాబట్టి అక్కడ గీత ఉన్నంత మాత్రాన టికెట్టు కొనేయకండి!