మొలిపించిందీ మేకే, మేసిందీ మేకే

జంతువులు గింజలూ మొలకలూ తినేస్తుంటే అడవిలో కొత్త చెట్లు ఎలా వస్తాయని అడిగారు. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో నల్లమల అంచున ఓ ఊరు, మా తాతకి మేకల మంద ఉండేది, ఆ అనుభవంతో చెప్తున్నా.

ఏడో తరగతి వేసవి సెలవుల్లో దొడ్డి ఊడ్చే పని నాది. పొద్దున్నే పెంటికల మధ్య నల్లతుమ్మ గింజలు గుప్పెళ్లకొద్దీ దొరికేవి, మేకలు రాత్రంతా నెమరేస్తూ ఉమ్మేసినవి. అవి ఏరి ఒక డబ్బాలో, చెట్టు కింద రాలిన కాయలు ఒలిచి ఆ గింజలు ఇంకో డబ్బాలో నాటా. చెట్టు కింద వాటిలో సగానికి సన్నటి బెజ్జాలు, లోపలంతా పుచ్చు. మిగతావి రాళ్లలా అలాగే ఉండిపోయాయి. దొడ్డి గింజలు మాత్రం రెండు వారాల్లో బిలబిలా లేచాయి, మేక కడుపులో నాని పెంకు మెత్తబడింది మరి. "నువ్వు మొలిపించావా, మేక మొలిపించిందా?" అని తాత ఒకటే నవ్వు. మర్నాడే ఓ మేకపిల్ల కట్టు తెంచుకొచ్చి అన్నీ మొదలంటా మేసేసింది. అన్నం కూడా తినకుండా ఏడ్చా.

అడవిలోనూ ఇదే తంతు. దుప్పులు ఉసిరికాయలు మింగి, నెమరేసే చోట గింజలు ఉమ్మేస్తాయి. ఎలుగు తిన్న తునికి గింజలు దాని పెంటలోంచి మొలుస్తాయి. తల్లిచెట్టు కిందే పడ్డవాటిని పురుగులు, ఎలుకలు బతకనివ్వవు, దాంతో ఆ చోటు వేరే జాతి చెట్లకి దొరుకుతుంది. ఉష్ణమండల అడవుల్లో ఇన్ని జాతులు కలగలిసి ఉండటానికి ఇదో కారణమని 1970-71లో జాన్జెన్, కానెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాశారు. మా తాతని అడిగినా చెప్పేవాడు.

ఇంక ఆ సీడ్ బాల్స్ గోల, అదే, గింజల్ని మట్టి ఉండల్లో పెట్టి విసరడం! రెండేళ్ల కిందట మా గుట్ట మీద ఎవరో వచ్చి వేలకొద్దీ విసిరి ఫొటోలు దిగి వెళ్లారు. మూడో రోజు చూస్తే మట్టి పొడి ఉంది, గింజ లేదు, చీమలూ ఎలుకలూ పండగ చేసుకున్నాయి. ఒకటీ అరా మొలిచినా ఊరి పశువుల పాలు. మూడేళ్లు ఆ గుట్టకి మందలు తోలకుండా ఆపితే చాలు, పాత మోడులే చిగురేస్తాయి. కానీ అందులో ఫొటో ఏముంది?

మీకు తుమ్మ మొలకలే కావాలంటే నర్సరీకి డబ్బులు పోయొద్దు, ఏదైనా మేకల దొడ్డికెళ్లి అడగండి, ఊడ్చుకుపొమ్మంటారు. దొడ్డి దగ్గర్లో లేకపోతే గింజల మీద మరిగిన నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. మొలిచాక ముళ్లకంప మాత్రం మర్చిపోవద్దు.