గామా పేలుళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్న బిడ్డకు

బిడ్డా,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు గామా కిరణాల పేలుళ్లు, అంటే దూరపు గెలాక్సీల నుంచి కాసేపు మెరిసి ఆరిపోయే గామా మెరుపులు, తీసుకున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. పాలమూరులో కూర్చుని టెలిస్కోపు లేకుండా ఏం చేయాలని టెన్షన్ పడుతున్నావట. టెలిస్కోపు పక్కనే ఉన్నా ఆ కిరణాలు నీకు అందవు, వాతావరణం వాటిని పైనే ఆపేస్తుంది. దొంగచాటు అణుపరీక్షల మీద కన్నేసి ఉంచడానికి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలే 1967 జూలై 2న మొదటిదాన్ని పట్టాయి. లోకానికి చెప్పింది 1973లో. ఈ చరిత్ర అరపేజీలో ముగించు, ఎగ్జామినర్‌కు అది కంఠతా వచ్చు.

ఈ పేలుళ్లను పట్టే నాసావాళ్ల ఫెర్మీ ఉపగ్రహం డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పేలుళ్లను పట్టే పరికరంలో 12 సోడియం అయొడైడ్ డిటెక్టర్లు ఉంటాయి. పన్నెండింటినీ కలిపేయకు. పేలుడు దిక్కుకు 60 డిగ్రీల లోపు ఉన్నవి రెండో మూడో ఏరుకో, మిగతావి రొదను పెంచుతాయంతే. పేలుడుకు ముందూ వెనకా ఉన్న నేపథ్యాన్ని, అంటే పేలుడుతో పనిలేకుండా ఎప్పుడూ వచ్చిపడే కిరణాలను, లెక్కగట్టి తీసెయ్. తర్వాత వెలుగు కాలంతో ఎలా మారిందో చూపే లైట్ కర్వ్‌ను ముందు ఒక సెకను బిన్‌తో (కాలాన్ని కోసే ముక్క), ఆపైన 64 మిల్లీసెకన్లతో గియ్యి. మొదట ఒక్క దిబ్బలా కనిపించింది, రెండోసారి నాలుగైదు ముళ్లుగా విడిపోవచ్చు. కంప్యూటర్ ఇచ్చిన అంకె రాసుకునే ముందు ఆ ముళ్లను కాసేపు కళ్లారా చూడు.

మొత్తం ఫోటాన్లలో 5 శాతం నుంచి 95 శాతం దాకా రావడానికి పట్టిన కాలమే టీ90. అది రెండు సెకన్ల లోపైతే న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నట్టు, పైనైతే భారీ నక్షత్రం కూలినట్టు అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ గీతను మరీ గుడ్డిగా నమ్మకు. 2021 డిసెంబర్ 11 నాటి పేలుడు అర నిమిషం పైనే సాగింది, అయినా వెనకాల కనిపించింది కిలోనోవా, అంటే న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాక మిగిలే మెరుపు. పైగా విశ్వ విస్తరణ కాలాన్ని కూడా సాగదీస్తుంది. రెడ్‌షిఫ్ట్ (ఆ విస్తరణ వెలుగును ఎంత సాగదీసిందో చెప్పే అంకె) 2 అయితే కాలం దానికి ఒకటి కలిపి మూడింతలు సాగుతుంది, అంటే మనకు 30 సెకన్లు కనిపించింది అక్కడ జరిగింది 10 సెకన్లే.

అసలు ఫిజిక్స్ ఆ ముళ్లలో ఉంది. కొన్ని పేలుళ్లలో వెలుగు మిల్లీసెకన్లలోనే లేచి పడుతుంది. మిల్లీసెకనులో కాంతి పోయేది 300 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ కాస్త దాటేంత. అంత ఇరుకు చోట అంత వెలుగుంటే ఫోటాన్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జతలైపోవాలి, ఏదీ బయటపడకూడదు. కానీ వస్తున్నాయి కదా! ఆ పదార్థం దాదాపు కాంతివేగంతో మన వైపే దూసుకొస్తోంది కాబట్టి. వేగం కాంతివేగానికి ఎంత దగ్గరో చెప్పే లోరెంట్జ్ ఫ్యాక్టర్ వంద, అంతకన్నా ఎక్కువ. అప్పుడు ఆ చోటు మనం అనుకున్నదానికన్నా ఆ ఫ్యాక్టర్ వర్గమంత పెద్దదవుతుంది, పదార్థంతో పాటు పోతూ చూస్తే ఫోటాన్ల శక్తి కూడా తగ్గుతుంది. ఈ లెక్క కాగితం మీద నీ చేత్తో చెయ్. నేనే ఎగ్జామినర్‌నైతే వైవాలో ఇదే అడుగుతాను.

శక్తి రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. పేలుడు శక్తిని మామూలుగా అన్ని దిక్కులకూ సమానంగా వెలిగిందనుకునే లెక్కగడతారు. నిజానికి వెలుగు జెట్‌లో, అంటే సన్నని ధారలో, వస్తుంది. రెండు వైపులా చెరో జెట్, అర్ధకోణం 5 డిగ్రీలు అనుకుంటే అసలు శక్తి సుమారు 260లో ఒక వంతే. ఏ అంకె అన్ని దిక్కుల లెక్కదో, ఏది జెట్ లెక్కదో ప్రతిచోటా రాయి.

2022 అక్టోబర్ 9 పేలుడు మీద మోజు పడతావని నాకు తెలుసు. ఆ ఏడు దసరా అయిన నాలుగో రోజు, సాయంత్రం ఆరూ ముప్పావుకు అది దాదాపు మన నడినెత్తి మీదే ఉంది. సుమారు 200 కోట్ల ఏళ్ల కింద బయల్దేరిన వెలుగు మన వాతావరణం పైపొర అయనోస్ఫియర్‌నే కదిలించింది. కానీ దాని ధాటికి ఫెర్మీ డిటెక్టర్లు లెక్కపెట్టలేనంతగా నిండిపోయాయి. మొదటి ప్రాజెక్టుకు అలాంటి డేటా తలనొప్పి.

దానికి బదులు 2017 ఆగస్టు 17 నాటిది తీసుకో. న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు (స్థలకాలంలో లేచే అలలు) అందిన 1.7 సెకన్లకు వచ్చింది, దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలే. ఇంత దగ్గరున్నా మసకగా ఎందుకుందంటే జెట్‌ను మనం పక్క నుంచి చూశాం. పైన చెప్పిన కోణం సంగతి నీకు ఇందులోనే అర్థమవుతుంది. టీ90 కేటలాగులోని అంకెకు దగ్గరగా రాకపోతే నేపథ్యాన్ని ఏ సెకన్ల నుంచి తీశావో మొదట చూసుకో. అప్పటికీ తేలకపోతే ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని నల్లగొండ రా, మీ పెద్దమ్మ కూడా నిన్ను చూడాలంటోంది.

మీ పెద్దనాయన