‘శిశ్న కేన్సర్’ అంటే ఎవరికి తెలుస్తుంది?

సందేహం: మా దగ్గర ఆరోగ్య శిబిరంలో పంచిన కరపత్రంలో ‘శిశ్న కేన్సర్ అరుదు. లింగ పరిశుభ్రత లోపించుటయే దీనికి కారణము’ అని ఉంది. మా నాయన చదివి ‘ఇదేం రోగం బిడ్డా?’ అని అడిగిండు. ‘శిశ్నం’ సరైన మాటేనా? కేన్సర్‌ను ‘రాచపుండు’ అనరాదా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: శిశ్నం అంటే పురుషాంగమే. సంస్కృత పదం, తప్పేమీ లేదు. కాకపోతే మీ నాయనకు అందలేదు. లింగం ఇంకా చిక్కు. దానికి గుర్తు అనే అర్థమూ ఉంది, పుంలింగం అన్నప్పుడు వేరే సంగతి. చెరువుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కి లింగయ్య అని పేరు పెట్టుకునే జిల్లాలో ‘లింగ పరిశుభ్రత’ అంటే గుడి కడగమన్నారనుకున్నా అనుకుంటారు! పురుషాంగం అందరికీ తెలుసు, మర్యాదకూ లోటు లేదు.

రాచపుండులో ‘రాచ’ రాచబాటలో ఉన్నదే, పెద్దది అని. పాతవాళ్లు ఆ మాటను వీపు మీద లేచే మొండి కురుపుకూ వాడారు. పైగా ఈ జబ్బు పుండుగానే మొదలవ్వాలని లేదు, గడ్డగానో, తోలు రంగు మారడంగానో కనిపించవచ్చు. కేన్సర్ అనే ఉంచండి. ఆ లాటిన్ మాటకు అర్థం ఎండ్రకాయ, మన కర్కటమే.

నాకు గుచ్చుకున్నది ‘లోపించుటయే కారణము’. ఆ ‘యే’ రోగిని దోషిని చేస్తుంది. శుభ్రత లేకపోవడం ముప్పు పెంచే వాటిలో ఒకటి, అంతే. పురుషాంగం ముందరి తోలు వెనక్కి జరగకపోవడం, లైంగిక సంబంధంతో సోకే హెచ్‌పీవీ వైరస్, బీడీ, సిగరెట్, వయసు మీద పడటం కూడా ఉన్నాయి. చిన్నప్పుడే సున్తీ అయినవాళ్లలో ఇది చాలా తక్కువ. ఇన్ని ఉన్నప్పుడు ‘కారణం’ కన్నా ‘ముప్పు పెంచేవి’ అనడమే నిజం.

‘అరుదు’ సరే. 2020లో ప్రపంచమంతా కలిపి కొత్త కేసులు సుమారు 36 వేలు. అయితే అందులో నాలుగో వంతుకు పైగా మన దేశంలోవే. కాబట్టి ‘అరుదు’ అని చుక్క పెట్టి ఊరుకుంటే చదివినవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు.

ఇంకొకటి. మన దిక్కు పెద్దమనిషి ‘ఆడ పుండైంది సారూ’ అంటాడు. ‘ఆడ’ అంటే అక్కడ. సిగ్గుతో చూపించడు, పేరు చెప్పడు. వేరే ప్రాంతం నుంచి వచ్చిన డాక్టరు ఆ ‘ఆడ’ విని ఇంట్లో ఆడవాళ్ల సంగతేమో అనుకునే ప్రమాదం ఉంది!

నేనైతే కరపత్రంలో ఇట్లా రాస్తాను: ‘పురుషాంగం మీద గానీ, ముందరి తోలు కింద గానీ మానని పుండు, గడ్డ, రక్తం, వాసనతో కారడం ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించండి. తోలు వెనక్కి రాకపోయినా చెప్పండి.’