ఎఫ్1.8 లెన్స్ ఉండగా ఖరీదైన ఎఫ్1.2 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ కొనడం అవసరమా?

తక్కువ వెలుతురులో కదిలే మనుషులను తరచుగా ఫొటో తీసేవారికి తప్ప, ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలికే 50 ఎం.ఎం. ఎఫ్1.2 లెన్స్ అవసరం లేదు. ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ లెన్స్‌లో వెలుతురు వచ్చే ద్వారం పెద్దదవుతుంది; ఎఫ్1.8తో పోలిస్తే ఎఫ్1.2 ద్వారం వ్యాసం ఒకటిన్నర రెట్లు కావడం వల్ల లోపలికి వచ్చే వెలుతురు సుమారు 2.25 రెట్లవుతుంది, వెలుతురు విషయంలో లాభం అంతవరకే.

విజయవాడలో కృష్ణా తీరాన సాయంకాలపు హారతిని తీసేటప్పుడు ఎఫ్1.8 వద్ద షట్టర్ వేగం సెకనులో 60వ వంతు ఉంటే, అదే ఐఎస్‌ఓతో (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయితో) ఎఫ్1.2 వద్ద దాదాపు 125వ వంతుకు చేరుతుంది కనుక, హారతి తిప్పే చేతులు అంతగా చెదరవు. ఇది నిజంగా విలువైన తేడాయే.

అయితే ఖరీదైన లెన్స్‌ను పూర్తిగా తెరిస్తే ఫొటో మరింత స్పష్టంగా వస్తుందనుకోవడం పొరపాటు. అలా తెరిచినప్పుడు ఫోకస్‌లో ఉండే లోతు బాగా తగ్గి, దగ్గరి ముఖచిత్రంలో కన్ను ఫోకస్‌లో ఉన్నా చెవి మసకబారుతుంది. చాలా లెన్సులు ఎఫ్4, ఎఫ్5.6 దగ్గరే అత్యంత స్పష్టతనిస్తాయి.