ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయిపోతే

ఇండియా బ్యాంకు స్టేట్‌మెంటు ఇక్కడి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తేదీలు తారుమారవుతున్నాయని కొత్తగా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది అడుగుతున్నారు. డాలస్‌లో నా మొదటి ట్యాక్సు సీజన్‌లో నాకూ ఇదే జరిగింది. ఏడాది మొత్తం ఎఫ్‌డీ వడ్డీ ఎంతో చూద్దామని ఎక్సెల్‌లో సమ్ఇఫ్స్ (ఇచ్చిన షరతుకు సరిపోయే అంకెలనే కూడే ఫార్ములా) వేస్తే సున్నా వచ్చింది. వడ్డీ పడినట్టు కళ్లెదుటే కనిపిస్తోంది, మొత్తంలోకి మాత్రం రాలేదు.

మనం రోజు ముందు రాస్తాం, అమెరికాలో నెల ముందు. 05/04/2024 అని ఉంటే ఇక్కడి సెట్టింగుల్లో ఉన్న ఎక్సెల్ మారుమాట లేకుండా మే 4 చేసేస్తుంది. 31/03/2024 ఉంటే 31వ నెల లేదు కాబట్టి తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. నా ఎఫ్‌డీ వడ్డీ పడేది మార్చి 31, జూన్ 30, సెప్టెంబరు 30, డిసెంబరు 31న. నాలుగూ అలాగే జారిపోయాయి.

గుర్తుపట్టడం తేలికే. తేదీల నిలువు వరుసను (కాలమ్) వెడల్పు చేసి చూడండి: కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు ఆని ఉంటే ఎడమవి అక్షరాలు. కానీ అసలు భయపడాల్సింది కుడివైపువాటికే. 12లోపు రోజులన్నీ చడీచప్పుడు లేకుండా తిరగబడి ఉంటాయి.

అప్పుడు ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్లి తేదీ రూపం మార్చినా లాభం లేదు. ఎక్సెల్‌కి తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1 దానికి 1. ఏప్రిల్ 5, 2024 అంటే 45387, మే 4 అంటే 45416. తప్పు అంకె ఒకసారి లోపల కూర్చున్నాక పైరూపం ఎంత మార్చినా అది మే 4గానే ఉంటుంది.

అందుకే పాడైన షీటును బాగుచేస్తూ కూర్చోకండి, బ్యాంకు ఇచ్చిన ఫైలును మళ్లీ దించుకోండి. ఆ సీఎస్వీని (వివరాలను కామాలతో విడదీసి ఉంచే ఫైలు) డబుల్ క్లిక్ చేయొద్దు. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని మార్చి, ఎక్సెల్‌లోనుంచి ఓపెన్ చేస్తే దిగుమతి విజార్డ్ (మెట్టుమెట్టుగా అడిగే పెట్టె) వస్తుంది. మూడో మెట్టులో తేదీల నిలువు వరుసను ఎంచుకుని, డేట్ పక్కన డీఎంవై (రోజు, నెల, ఏడాది) పెట్టండి. గూగుల్ షీట్స్ వాడేవాళ్లు ఫైలును ఎక్కించకముందే ఖాళీ షీటు సెట్టింగ్స్‌లో లొకేల్‌ను (ఏ దేశం పద్ధతో చెప్పే సెట్టింగు) ఇండియా చేసుకోండి.

నేనైతే ఇప్పుడు సొంత షీట్లలో 2024-04-05 అనే రాస్తాను. ఊళ్లో నాన్నకు పంపే కాగితాల మీద మాత్రం నెలను అక్షరాల్లోనే, 5 ఏప్రిల్ 2024 అని.