తాడు లాగితే ఉద్యోగం వస్తుందా?

“మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. టగ్ ఆఫ్ వార్‌లో జిల్లా జట్టుకు ఆడాడు, స్పోర్ట్స్ కోటాలో పోలీసు అవుతానంటున్నాడు. నేను బీటెక్‌లో సీఎస్ఈ ఏఐ (కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ) అంటున్నాను. తాడు లాగి ఎవరు బాగుపడ్డారు? రెండింటిలో ఏది మేలు?” — ఓ తండ్రి, ఖమ్మం

బాగుపడ్డవాళ్లు ఉన్నారు సార్. ఈ ఆట 1900 నుంచి 1920 దాకా ఒలింపిక్స్‌లో ఉండేది. సిటీ ఆఫ్ లండన్ పోలీసు ఫ్రెడరిక్ హంఫ్రీస్ 1908లో స్వర్ణం, 1912లో రజతం గెలిచాడు. (ఆ ఏడాది వచ్చినవి రెండే జట్లు, ఓడినా రజతమే!) 1920లో 42 ఏళ్ల వయసులో మళ్లీ స్వర్ణం. ఎడ్విన్ మిల్స్, జేమ్స్ షెపర్డ్‌లకూ ఇవే మూడు పతకాలు. 1908లో మొదటి మూడు స్థానాలూ పోలీసు జట్లవే. లివర్‌పూల్ పోలీసుల బరువైన బూట్ల మీద అమెరికా జట్టు గొడవపడి, పోటీలోంచే తప్పుకుంది. ఇవి రోజూ డ్యూటీకి వేసుకునేవేనని పోలీసుల జవాబు.

మీవాడికి ఆ బూట్ల కథ చెప్పండి. వాళ్లకు కూడు పెట్టింది తాడు కాదు, డ్యూటీ. 1920 తర్వాత ఒలింపిక్స్ నుంచి ఆటను తీసేసినా వాళ్ల వంటింట్లో పొయ్యి ఆరలేదు.

మన దగ్గర 2020లో కేంద్రం తన ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాను 43 ఆటల నుంచి 63కు పెంచినప్పుడు టగ్ ఆఫ్ వార్‌నూ చేర్చింది. అయితే జిల్లా సర్టిఫికెట్ చాలదు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లోనో, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో ఆడాలి. యూనివర్సిటీ దారిలో వెళ్లాలంటే డిగ్రీయో, బీటెక్కో ఎలాగూ చదవాల్సిందే. మీ ఇద్దరి గొడవ సగం ఇక్కడే తేలిపోయింది.

ఇక మీ ఏఐ. నాకు దాని మీద అంత నమ్మకం లేదు. బోర్డు మీద పేరు మార్చి, పాత సిలబస్‌నే చెప్పే కాలేజీలను చూశాను. ఫీజు మాత్రం కొత్తది. లెక్కలంటే ఇష్టం లేని పిల్లాణ్ని అందులో వేస్తే మిగిలేవి బ్యాక్‌లాగులే. వాడికి లెక్కలు ఇష్టమా కాదా అన్నది మీ ఉత్తరం మొత్తంలో ఒక్క ముక్క లేదు. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ మాత్రం రెండుసార్లు రాశారు! మీ టెన్షన్ కొడుకు గురించా, పెళ్లిళ్లలో చుట్టాలు అడిగే ప్రశ్న గురించా?

పదిహేడేళ్ల కుర్రాడు పొద్దున్నే లేచి గ్రౌండుకు వెళ్తున్నాడంటే చెడిపోయే రకం కాదు, భయపడకండి. పరీక్షలయ్యేదాకా ప్రాక్టీసు రోజుకో గంట చాలు. సర్టిఫికెట్లు జాగ్రత్తగా దాచండి. ఏ బ్రాంచి అన్నది ర్యాంకు వచ్చాక, వాణ్నీ కూర్చోబెట్టుకుని మాట్లాడుకుందాం.